విదాద్ టీచర్ మెచ్చుకున్న పుస్తకాలు

బాగ్దాద్, కర్రాదా
అక్టోబరు 1997

సమీహా, నా కంటివెలుగా,

అబూ జియాద్ పోయిన వారం ఒక పొద్దున్నే అమ్మాన్ నుంచి వచ్చి మన వీధిలో కారు ఆపి, "ఉమ్మ్ గాయిబ్, నీ మందులొచ్చాయి!" అని అందరికీ వినబడేలా కేకేశాడు. పిల్లలు లేనిదాన్ని రాని బిడ్డకు తల్లీ అని పిలవడం మనవాళ్ళకి మర్యాదే. అయినా ఆ పేరు వినగానే ఇంకెవర్నో పిలుస్తున్నారేమోనని ఇప్పటికీ వెనక్కి తిరిగి చూస్తాను.

మందుల కింద నువ్వు పంపిన నవల క్షేమంగా ఉంది. ఈ ఏడే బేరూత్‌లో అచ్చయిందని చూసి, మొదటి పేజీ తీసి వాసన చూశాను. ఆంక్షలొచ్చాక ఇక్కడ కొత్త పుస్తకం వాసనే మర్చిపోయాం. శుక్రవారం పుస్తకాల వీధిలో నేల మీద పరిచినవన్నీ ఎవరో ఒకరు ఇంట్లోంచి తెచ్చి అమ్ముకున్నవే. లోపల "పెళ్ళికానుక", "మా నాన్నకు" అని రాసి ఉంటాయి. కొనబుద్ధి కాదు.

ఎప్పటిలాగే పుస్తకం వెన్ను మీద వేడినీళ్ళలో పిండిన గుడ్డ వేసి, జిగురు మెత్తబడ్డాక నెమ్మదిగా విడదీశాను. నువ్వున్నప్పుడు ఐదు ముక్కలు. ఈసారి నాలుగే. చెయ్యి అలవాటు కొద్దీ ఐదో మడత కూడా పెట్టింది. విప్పి మళ్ళీ సరిచేశాను. ఒక్కో ముక్కకీ దుప్పటి దారంతో కుట్టు వేసి, పాత క్యాలెండరు అట్ట తొడిగాను. మొదటి ముక్క మార్లీన్‌కి, రెండోది నాకు, మూడోది ఫిర్యాల్‌కి, ఆఖరిది విదాద్ టీచర్‌కి. గురువారం గురువారం మార్చుకుంటాం. ఎవరూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు.

ఈ గురువారం మా ఇంట్లో జరిగింది విను. కథ ఒకే పొయ్యి మీద రొట్టెలు కాలుస్తూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోని అన్నదమ్ములది. ఫిర్యాల్ సంగతి తెలుసుగా, మందుల కొట్లో చీటీ చూడకుండానే రోగం చెప్పే మనిషి, పుస్తకాన్నీ అలాగే చూస్తుంది. వచ్చీరాగానే, "చివరికి వాళ్ళు మాట్లాడుకుంటారు, చూస్తూ ఉండండి" అంది.

"నోరు ముయ్యవే మందులపిల్లా! చివర నా చేతిలో ఉంది" అంది విదాద్ టీచర్.

"అంటే మాట్లాడుకుంటారన్నమాట!"

"అన్నానా నేను?"

"అనకపోతే ముఖం అలా ఎందుకు పెట్టారు?"

"ఇది నా మామూలు ముఖమే. ముప్ఫై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేస్తే నీకూ వచ్చేది."

మార్లీన్ కుట్టుపనిలోంచి తల ఎత్తకుండా, "మీరంతా కొట్టుకోండి. నా ముక్కలో వాళ్ళింకా పుట్టనే లేదు" అంది. టీచర్ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

టీచర్ ఎందుకు ఆఖరి ముక్కతో మొదలెడుతుందో నీకు చెప్పక్కర్లేదు. "ఈ వయసులో ముందు నుంచి మొదలెడితే చివరికి చేరతానని పూచీ ఎవరిస్తారే?" అని అదే మాట. నవల మీద ఆమె తీర్పు: "ఇతనికి పిండి కలపడం వచ్చు, కాల్చడం రాదు."

పంపడం మానకు సమీహా. మా ఆయన పోయాక ఈ ఇంట్లో మాటలు వినబడేది గురువారం ఒక్కరోజే. నువ్వెళ్ళావు, సర్దుకున్నాం. ఇంకొకరు తగ్గితే మాత్రం ఇది నిలబడదు. కుట్టు వేస్తున్నంతసేపూ నాకు అదే భయం.

నీ ఇబ్తిహాజ్


అమ్మాన్
నవంబరు 1997

ఒసేయ్ ఇబ్తిహాజ్,

మన టీచరమ్మ ఇక్కడ పేరు తెచ్చుకుంది! దిగువ ఊళ్ళో మెట్ల పక్కన ఆతిఫ్ గారి పుస్తకాల కొట్టు ఉందని రాశాను కదా. పిండి కలపడం, కాల్చడం మాట ఆయనకి చెప్పాను. చాలాసేపు నవ్వి, "రాసివ్వమ్మా" అన్నాడు. అట్టముక్క మీద ఆ మాట, కింద "బాగ్దాద్ పాఠకురాలు" అని రాసి నవల పక్కన నిలబెట్టాడు. నమ్ముతావో లేదో, ఆ నవల కోసం జనం వస్తున్నారు. ఇంతగా తిట్టిందంటే ఏముందో చూద్దామనట!

ఆయన ఇంకో మాట అన్నాడు. "ఒక్కరు చదువుకునేదానికైతే నేనివ్వను. నలుగురు చదివి నాలుగు మాటలు చెప్పే ఇల్లయితే, నాకు వచ్చిన కొత్త పుస్తకాల్లో ఒకటి ఎప్పుడూ పక్కన పెడతాను." కాబట్టి మీరు నలుగురూ నోరు పెట్టుకుని బతకండి.

ఈ నెల వచ్చిన వాటిలో ఒక నవలని అందరూ ఆకాశానికెత్తుతున్నారు. సగం పుస్తకం దాకా కథానాయకుడు సిగరెట్టు వెలిగిస్తూ కిటికీలోంచి చూస్తాడు, మిగతా సగం ఆర్పేస్తాడు. వద్దు. కాఫీ కొట్ల చరిత్ర ఒకటుంది, బొమ్మలు బాగున్నాయి, రాసినాయనకి కాఫీ మీద ఇష్టం లేదు. మూడోది పంపిస్తున్నాను. ఒక వైద్యుడు రాసింది. జీవితమంతా చేతులకే వైద్యం చేశాడట. రొట్టెలవాడి చెయ్యి, చేపలవాడి చెయ్యి, గుమాస్తా చెయ్యి, ఒక్కొక్క అధ్యాయం ఒక్కో చెయ్యి. కథ కాదు, కానీ కథ లాగే ఉంది. కుట్టుపనివాళ్ళ అధ్యాయం మార్లీన్‌కే ముందు ఇవ్వు.

నా సంగతి అడగకు. దర్జీ కొట్లో గుండీలు కుడుతున్నాను, కాగితాల కోసం వరసల్లో నిలబడుతున్నాను. పుస్తకాలు వెన్ను చెదరకుండా మొత్తం ఒక్కదాన్నే చదువుతున్నాను. చివర చెప్పొద్దని బతిమాలే మనిషి లేదు. దొరసాని బతుకు!

సమీహా


బాగ్దాద్
జనవరి 1998

సమీహాకు,

చేతుల పుస్తకం అందింది. అందరికీ నచ్చింది, విదాద్ టీచర్‌కి తప్ప. "ఇంతమంది చేతులు చూశాడు, వాళ్ళావిడ చెయ్యి గురించి ఒక్క వాక్యం రాయలేదు. ఇంట్లో ఎవరు వండారో మరి!" అంది. ఫిర్యాల్ రెండు వారాల నుంచి దారిలో కనబడ్డ ప్రతివాడి చెయ్యీ పట్టుకుని చూస్తోంది. కూరగాయలతను పెళ్ళి మాట ఎత్తుతుందేమోనని భయపడ్డాడు.

కుట్టుపనివాళ్ళ అధ్యాయం మార్లీన్‌కే ముందు ఇవ్వమన్నావు కదా, తన మాట వివరంగా రాస్తున్నాను. అధ్యాయం పూర్తిచేసి తన చేతుల్ని వెలుతురు వైపు చాచి చూసుకుంది. తర్వాత అంది: "ఈ డాక్టరు కుట్టుపనిదాని కుడిచెయ్యి గురించే రాశాడు. సూది పట్టేది అదే కనక. ఎడమచెయ్యి మాట ఎవరికీ పట్టదు. అది గుడ్డని కదలకుండా పట్టుకుంటుంది. రోజంతా చేసేపని కదలకుండా ఉండడమే. సాయంత్రానికి ఎక్కువ నొప్పి పుట్టేది అదే."

అంతే అంది. టీ చల్లారిపోయింది, మళ్ళీ పెట్టాను.

ఇక్కడ చలి. కిరోసిను దొరికిన రోజు వెచ్చగా ఉంటున్నాం. నువ్వు మెడకి ఏదైనా చుట్టుకుని బయటికి వెళ్ళు.

ఇబ్తిహాజ్


అమ్మాన్
మార్చి 1998

ఇబ్తిహాజ్,

ఎడమచెయ్యి మాట ఆతిఫ్ గారు అందంగా రాసి కొట్టు గుమ్మంలోనే పెట్టాడు. ఒక దర్జీ ఆవిడ మెట్లెక్కుతూ ఆగి, అది చదివి, చేతిలో కూరల సంచి కింద పెట్టి, తన ఎడమచెయ్యి చూసుకుని వెళ్ళిపోయింది. పుస్తకం కొనలేదు. ఆయనకి అదే ఎక్కువ నచ్చింది. మార్లీన్‌తో చెప్పు. ఆ పిల్ల ఇంత మాట ఎప్పుడన్నా అందా? మన మధ్య కూర్చుని కూర్చుని నోరొచ్చింది.

కొత్తగా రెండు వచ్చాయి. ఒకటి చారిత్రక నవల. రాజులు కనబడకుండా రాజుల కాలం రాశాడని పేరు. నిజమే, కానీ మనుషులు కూడా కనబడరు. రెండోది పంపిస్తున్నాను. ఒక ఆడమనిషి రాసిన మొదటి నవల. రైలు ఆగడం మానేసిన స్టేషనులో అప్పటికీ డ్యూటీకి వచ్చే స్టేషను మాస్టరు కూతురి కథ. ఇది ఈ ఏడాదిలో మంచి నవల అని నా నమ్మకం. టీచర్‌కి చిరాకు పుట్టించడానికే పంపిస్తున్నాననుకో.

ఆవిడ కళ్ళెలా ఉన్నాయి? పొర ముదిరితే చదవడం కష్టం కదా. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి, ఒక్క అక్షరం వంకరపోయినా పలకతో నెత్తిమీద కొట్టేది. ఇప్పుడు ఆవిడ కళ్ళకి అక్షరాలన్నీ వంకరేనేమో. చెప్పు, ఇక్కడేమన్నా దొరుకుతుందేమో చూస్తాను.

సమీహా


బాగ్దాద్
ఏప్రిల్ 1998

సమీహా,

స్టేషను నవల చదివాం. నీ నమ్మకం నిజమైంది. విదాద్ టీచర్ ఆఖరి ముక్క చదివి అట్ట మూసింది. తర్వాత, "ఇది ఇలాగే ముగియాలి. ఇంకోలా ముగిస్తే ఈ పిల్లని నేను క్షమించేదాన్ని కాదు" అంది. అంతకన్నా చెప్పనంది. మంచి నవల అంది. ఈ రచయిత్రి ఇంకా రాయాలి అంది.

ఫిర్యాల్ మాత్రం, "రైలు రాదని మొదటి పేజీలోనే తెలిసిపోతే ఇక ఊహించడానికి నాకేం మిగిలింది?" అని గోల. మార్లీన్‌కి ఆ కూతురు తండ్రి కోటు గుండీ కుట్టే చోటు నచ్చింది.

టీచర్ కళ్ళ గురించి అడిగావు. ఇప్పుడు బాధ లేదు. నువ్వు కంగారు పడకు.

ఇబ్తిహాజ్


అమ్మాన్
జూన్ 1998

ఇబ్తిహాజ్,

విదాద్ టీచర్‌కి ఏం పెడుతున్నావే? మంచి నవల అందా! రచయిత్రి ఇంకా రాయాలందా! నేను బళ్ళో మొదటి మార్కు తెచ్చుకున్నప్పుడు "మిగతావాళ్ళు చదవలేదు కాబట్టి" అన్న మనిషి! ఆతిఫ్ గారు నమ్మలేదు. "ఇది అదే పాఠకురాలేనా?" అని రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. ముసలితనం మెత్తబరుస్తుందని అంటారు కానీ, ఆవిడ విషయంలో నేనది ఒప్పుకోను. తిట్టమని చెప్పు. నాకు దిగులుగా ఉంది.

కళ్ళకి బాధ లేదని రాశావు, అయినా నాకు మనసొప్పలేదు. పెద్దక్షరాల పుస్తకాల కోసం తిరిగాను. కొండమీది కొట్లన్నీ ఎక్కి దిగాను. ఆఖరికి కంటి ఆసుపత్రి ఎదుట ఒకతను పంచాంగాలూ ప్రార్థన పుస్తకాలూ అమ్ముతుంటే, వాటి మధ్య ఇది దొరికింది. కొత్తదే. ఎడారిలో బావులు తవ్వించిన ఒక ఇంజనీరు జ్ఞాపకాలు. పెద్దక్షరాల వల్ల ఇటుక లాగా ఉంది, అబూ జియాద్ సణిగాడు. చదివితే ఆ ఇంజనీరుకి నీళ్ళు తగిలిన బావులకంటే తగలని బావులే బాగా గుర్తున్నాయి. అందుకే పంపిస్తున్నాను.

ఇక్కడ రెండో మనిషి కూడా లేని గదిలో ఉంటున్నా, మీ గురువారాలు తలుచుకుంటే నాకు కాస్త నిలదొక్కుకున్నట్టుంటుంది. బాగా పోట్లాడుకోండి. అంతా రాయి.

సమీహా


బాగ్దాద్
జులై 1998

సమీహా,

పోట్లాట కావాలన్నావు. ఇదుగో.

ఎండ మండిపోతోంది, కరెంటు లేదు, నేల మీద నీళ్ళు చల్లి నలుగురం చాప మీద కూర్చున్నాం. నేను పుచ్చకాయ కోశాను. బావుల పుస్తకం ముక్కలు అందరి ఒళ్ళోనూ ఉన్నాయి.

"ఇన్ని అక్షరాలు పెద్దవిగా వేసి ఇంత చిన్న విషయం చెప్పాడేం?" అంది విదాద్ టీచర్.

"చిన్న విషయమా? నీళ్ళండీ!" అంది ఫిర్యాల్. "ఏడో బావిలో నీళ్ళు పడతాయి. పందెం."

"పడవు. నా ముక్కలో ఏడో బావి పూడ్చేశారు."

"అయ్యో, చెప్పేశారు! చెప్పేశారు! ఈ వారం టీ మీరే పెట్టాలి. చివర బయటపెట్టినవాళ్ళే టీ పెట్టాలన్నది మీరు పెట్టిన రూలే."

"నేను పెట్టిన రూలు నాకు వర్తించదు. బళ్ళో గంట నేను కొట్టేదాన్ని, నేను వరసలో నిలబడేదాన్నా?"

మార్లీన్ అంది: "నీళ్ళు పడకపోయినా తవ్వినవాళ్ళకి కూలిచ్చాడు చూడండి, ఆ పేజీ రెండుసార్లు చదివాను."

"నువ్వు ఏ పేజీ అయినా రెండుసార్లే చదువుతావు" అని ఫిర్యాల్. "పుస్తకం నా దాకా వచ్చేసరికి ఇంజనీరుకి పెన్షనొచ్చేస్తోంది!"

అందరం నవ్వాం. విదాద్ టీచర్ నవ్వుతూ నా వైపు తిరిగి, "సమీహాకి రాయి. ఈ పుస్తకం బాగుంది. అక్షరాలన్నీ తిన్నగా ఉన్నాయి" అంది.

చీకటి పడేదాకా ఎవరూ లేవలేదు. వెళ్ళేటప్పుడు ఫిర్యాల్ గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటూ ఇంకా ఏదో అంటూనే ఉంది.

ఇబ్తిహాజ్


అమ్మాన్
ఆగస్టు 1998

ఇబ్తిహాజ్,

మొన్న సాయంత్రం నా గది తలుపు ఎవరో కొట్టారు. తీస్తే ఫిర్యాల్, చేతిలో ఒక్క పెట్టెతో. చౌరస్తాలో మనవాళ్ళని అడిగి అడిగి నా ఇల్లు పట్టుకుంది. కౌగలించుకున్నాం, ఏడ్చాం. టీ పెట్టి, నీ జులై ఉత్తరం తీసి, "నీ ఏడో బావి పందెం ఏమైందే?" అని అడిగాను.

"ఏ బావి?" అంది.

ఆ పుస్తకం వచ్చేసరికి తను సామాను అమ్ముకుంటోందట. అట్ట కూడా చూడలేదట. చాప మీద ఆ సాయంత్రం తను లేదట. మార్లీన్ డిసెంబరులోనే వాళ్ళన్న దగ్గరికి స్వీడన్ వెళ్ళిపోయిందట. చేతుల పుస్తకం అప్పటికింకా బాగ్దాద్ చేరనే లేదు.

నేను విదాద్ టీచర్ గురించి అడగలేదు. అడగకుండానే ఫిర్యాల్ ముఖంలో కనబడింది.

మార్చిలో పోయిందట. మార్చి! నేను జూన్‌లో ఎండలో కొండలెక్కి పెద్దక్షరాలు వెతికాను. ఎవరికోసం? ఆవిడ కళ్ళకి "ఇప్పుడు బాధ లేదు" అని రాశావే, నీకు చేతులెలా వచ్చాయి? ఆవిడ మంచి నవల అందని రాసినప్పుడే నాకు తెలియాల్సింది.

నన్ను బడికి పంపమని మా నాన్న కాళ్ళావేళ్ళా పడిన మనిషి ఆవిడ. ఆవిడ కోసం ఏడవాల్సిన రోజులన్నీ నేను నీ కబుర్లు చదివి నవ్వుతూ గడిపాను. అవి నావి ఇబ్తిహాజ్. ఆ రోజులు నువ్వు నా దగ్గర్నుంచి తీసేసుకున్నావు.

ఫిర్యాల్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. ముందు నవ్వింది. "అచ్చం నేనే! నేనుంటే అదే అనేదాన్ని" అంది. చెప్పులు వెతుక్కునే చోటికి వచ్చేసరికి ముఖం కప్పుకుంది. నీకు చెప్పకుండా వచ్చేసిందట కదా.

ఇక పుస్తకాలు పంపను. నలుగురికి ఇచ్చాడు ఆతిఫ్ గారు. నలుగురు లేరు.

సమీహా


బాగ్దాద్
సెప్టెంబరు 1998

సమీహా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మార్లీన్ వెళ్ళిన వారానికి చేతుల పుస్తకం వచ్చింది. కుట్టుపనివాళ్ళ అధ్యాయం ఆమెకే ముందు ఇవ్వమన్నావు. ఇవ్వడానికి మనిషి లేదని రాస్తే, తర్వాతి పుస్తకం రాదేమోనని భయమేసింది. అందుకని నా చేతులు చూసుకుని, మార్లీన్ ఏమంటుందా అని కూర్చుని ఆలోచించాను. ఆ మాట దొరికేసరికి సాయంత్రమైంది. ఆ రోజంతా మార్లీన్ మా ఇంట్లో ఉన్నట్టే ఉంది.

విదాద్ టీచర్ స్టేషను నవల ఆఖరి ముక్క తీసుకుని ఇంటికి వెళ్ళింది. గురువారం రాలేదు. శుక్రవారం నేను వెళ్ళాను. ఆవిడ కుర్చీలో కూర్చునే పోయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఒళ్ళో ఏముందని నేనడగలేదు. మేనల్లుళ్ళు వచ్చి, అన్నీ చేసి, ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. ముక్క లోపలే ఉండిపోయింది. "ఇది ఇలాగే ముగియాలి" అని రాశానే, ఆ ముగింపు నేను చదవలేదు సమీహా. చదివింది ఆవిడే. ఏమందో నాకు తెలీదు. తిట్టే ఉంటుంది. కానీ నా చేత్తో ఆవిడ నోట తిట్టు రాయలేకపోయాను. కలం అటు వెళ్ళలేదు. ఆ ముగింపు నువ్వు చదివావు, నాకు చెప్పకు. అది టీచర్ దగ్గరే ఉండనీ.

నీకు రాయాలని నాలుగైదుసార్లు కూర్చున్నాను. "విదాద్ టీచర్" అని పేరు రాయగానే ఆవిడ ఏదో ఒకటి అనేది. నేనది రాసేసేదాన్ని.

ఫిర్యాల్ ఇంటికి బావుల పుస్తకంలో ఆమె ముక్క పట్టుకుని వెళ్ళాను. గుమ్మానికి నేనెరగని తాళం. చుట్టుపక్కల ఎవర్నీ అడగలేదు, ఈ రోజుల్లో కొత్త తాళం అంటే ఏమిటో అడగక్కర్లేదు. ఇంటికొచ్చి, నాలుగు ముక్కలూ చాప మీద నాలుగు వైపులా పెట్టి, నీకు ఆ ఉత్తరం రాశాను. పుచ్చకాయ నిజంగానే కోశాను. మిగిలింది పక్కింటికి ఇచ్చాను.

నీ ఏడుపు నీ దగ్గర్నుంచి తీసుకున్నాను. తిరిగి ఇచ్చే దారి నాకు తెలీదు. ఆవిడ సమాధి మన పాత బడి వెనక శ్మశానంలో, గోడ పక్కన. గురువారాలు ఇప్పుడు అక్కడికి వెళ్తున్నాను. నీ తరఫున కూడా నిలబడతాను.

పుస్తకాలు పంపనన్నావు. సరే. ఫిర్యాల్‌తో చెప్పు, చెప్పకుండా వెళ్ళినందుకు కోపం లేదు. చెప్పి ఉంటే వెళ్ళనిచ్చేదాన్ని కాదేమో.

ఇబ్తిహాజ్


అమ్మాన్
అక్టోబరు 1998

ఇబ్తిహాజ్,

నా కోపం పోలేదు. కోపంతోనే రాస్తున్నాను.

ఆతిఫ్ గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. అట్టముక్కలు తీసెయ్యమన్నాను. స్టేషను నవల మీదున్నది తీసేశాడు. రొట్టెల నవల మీదున్నది తియ్యలేదు. "ఇది ఆవిడ నోటి మాటే కదమ్మా" అన్నాడు. ఎడమచెయ్యి మాట చేతిలో పట్టుకుని, "ఇది మరి ఎవరిది?" అన్నాడు. మా ఇబ్తిహాజ్‌ది అన్నాను. మళ్ళీ గుమ్మంలో పెట్టేశాడు.

ఇక నలుగురు లేరు కాబట్టి పుస్తకం అడగనన్నాను. ఆయన తన మానాన పుస్తకాలు దులుపుకుంటూ, "అక్కడొకరు, ఇక్కడ మీరిద్దరు" అన్నాడు. "ముగ్గురికి ఇవ్వనని నేనెప్పుడన్నా అన్నానా?"

అందుకని ఇది. ఈ నెలలో వచ్చిన నవల. ఎవరూ పొగడలేదు, పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు, అందుకే తెచ్చుకున్నాను. ఫిర్యాల్ వెన్ను మీద వేడి గుడ్డ వేసింది. నీ అంత ఒడుపు లేదు, రెండు పేజీలు చిరిగాయి. మూడు ముక్కలు చేశాం. మొదటిది నీకు పంపిస్తున్నాను. రెండోది ఫిర్యాల్ దగ్గర, మూడోది నా దగ్గర. నువ్వు చదివి తిప్పి పంపితేనే ఫిర్యాల్ ముక్క నీకు వస్తుంది. అబూ జియాద్‌కి చెప్పాను, "మొత్తం పుస్తకం ఇచ్చి ఒకర్నొకరు నమ్మలేరా మీరు?" అన్నాడు.

ఒక్క షరతు. నువ్వు పంపిన ఉత్తరాలన్నీ వరసగా పెట్టి చూశాను. అందరి మాటలూ ఉన్నాయి, నీ మాట ఒక్కటీ లేదు. ఈసారి ఇంకెవరి నోటా రాయకు. నీకేమనిపించిందో అది రాయి.

సమీహా


బాగ్దాద్
నవంబరు 1998

సమీహా,

మొదటి ముక్క అందింది. కుట్టు వదులుగా ఉంది. ఫిర్యాల్ దారం మెలి వెయ్యలేదు. నేను మళ్ళీ కుట్టాను.

నీ షరతు ప్రకారం నా మాట రాస్తున్నాను. రాయడానికి చాలా రోజులు పట్టింది. టీచర్ అయితే ఒక్క వాక్యంలో తేల్చేసేది. నాకు ఏమనిపించిందంటే, ఈ రచయితకి ఖాళీ ఇల్లు తెలుసు. ఖాళీ ఇల్లు అనగానే అందరూ దుమ్ము గురించి రాస్తారు. ఒక్క మనిషి ఉన్న ఇంట్లో దుమ్ము ఉండదు, తుడవడానికి కావలసినంత పొద్దు ఉంటుంది. ఇతను అది కనిపెట్టాడు. గిన్నెలు తళతళా మెరుస్తాయని రాశాడు. అక్కడ నేను పుస్తకం మూసి, వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఇది మంచి పుస్తకమో కాదో మిగతా రెండు ముక్కలూ వచ్చాక చెబుతాను. ముందు నుంచి చదివేదాన్ని, నాకు అంత తొందరగా తీర్పు చెప్పడం రాదు. ఆతిఫ్ గారికి ఇంతవరకే రాసివ్వు.

గురువారం శ్మశానం నుంచి వచ్చి టీ ఒక్క గ్లాసే పెట్టుకున్నాను. ఇదివరకు నాలుగు పెట్టి మూడు పారబోసేదాన్ని.

ముక్క ఎక్కడ ఆపకూడదో అక్కడే నువ్వు కావాలని ఆపావు, రాక్షసీ. ఆ మనిషి మెట్లెక్కి వచ్చాడు, తలుపు ముందు నిలబడ్డాడు, కొట్టడానికి చెయ్యెత్తాడు. అక్కడితో సరి. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే అతను చెయ్యెత్తే ఉన్నాడు. బట్టలు ఆరేసి వచ్చేసరికీ దించలేదు. లోపల ఎవరున్నారో నాకు తెలీదు, ఫిర్యాల్‌కి తెలుసు. తర్వాత ఏమైందో ఫిర్యాల్‌కి తెలీదు, నీకు తెలుసు. ఎన్నో నెలలుగా ఏ పుస్తకంలో ఏముందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలిసేది.

ముక్క రేపు అబూ జియాద్‌కి ఇస్తున్నాను. ఎడారి రోడ్డు మీద ఇసుకగాలి అంటున్నారు, ఎప్పుడు చేరుతుందో తెలీదు. ఫిర్యాల్‌ని తొందరపెట్టకు, నెమ్మదిగానే చదవనీ. నేను ఉంటాను. తలుపు తీస్తారో లేదో మాత్రం ఇద్దరిలో ఎవరూ రాయకండి.

ఇబ్తిహాజ్